మన కోనసీమ కింద ఉన్న నీళ్ళ కథ

ఇవాళ శుక్రవారం, సెలవు. పోస్టు కాస్త పెద్దదే, ఓపిక చేసుకుని చదవండి. గోదావరి డెల్టా వాళ్ళయితే తప్పకుండా చదవండి, ఎందుకంటే ఇది మన పెరట్లో నూతి గురించి.

మేము కువైట్‌లో ఒక రూములో ఆరుగురం ఉంటాం. రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి, మామిడికుదురు, అల్లవరం వైపు వాళ్ళం. అందరం కట్టుబడి పనివాళ్ళమే. పదో తరగతి దాటిన చదువు మాలో ఎవరికీ లేదు. కానీ భూమిలోంచి నీళ్ళు తోడే పని మాత్రం చాలా ఏళ్ళుగా దగ్గరుండి చేయిస్తున్నాం. ఇక్కడ సముద్రం పక్కన బేస్‌మెంట్ తవ్వితే రెండు మూడు మీటర్లకే నీళ్ళు పడతాయి. ఆ నీళ్ళు లాగకుండా కాంక్రీటు వేయలేం. గొయ్యి చుట్టూ సన్నటి పైపులు వరసగా దించుతాం. ఒక్కోదాని చివర జల్లెడ ఉంటుంది. అన్నీ ఒక పెద్ద పైపుకి కలిపి పంపుతో లాగుతాం. వెల్ పాయింట్ అంటారు దీన్ని. మొదటిసారి చూసినప్పుడు మాకు నవ్వొచ్చింది. ఇది మన పొలంలో ఫిల్టర్ పాయింటే కదా అనుకున్నాం!

కానీ ఒక తేడా ఉందండి. ఇక్కడ పైపు దించే ముందు ఒక కాగితం వస్తుంది. సాయిల్ రిపోర్ట్ అంటారు. నాలుగైదు చోట్ల బోరు వేసి, ఎన్ని మీటర్ల దగ్గర ఇసుక, ఎన్ని మీటర్ల దగ్గర బంకమట్టి, నీళ్ళు ఏ మట్టంలో ఉన్నాయి, అందులో ఉప్పు ఎంత, అన్నీ గీసి ఉంటాయి. ఆ కాగితం లేకుండా పంపు ఆన్ చేయనివ్వరు. ఒక బిల్డింగు కోసం భూమి లోపలికి ఇంత చూస్తున్నారు. తరతరాలు తాగాల్సిన నీళ్ళ కోసం మన ఊళ్ళో మనం ఏ కాగితం చూశాం? ఈ ప్రశ్న మమ్మల్ని వదల్లేదు. అప్పటినుంచి దొరికింది దొరికినట్టు చదువుతూ, తెలిసినవాళ్ళని అడుగుతూ వచ్చాం. అందులో తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాం.

ముందు మన నేల ఎలా పుట్టిందో చూద్దాం. సుమారు ఆరు వేల ఏళ్ళ క్రితం సముద్రం కొల్లేరు దగ్గర దాకా ఉండేదట. ఇవాళ మన ఇళ్ళు, కొబ్బరి తోటలు ఉన్నచోట అలలు ఉండేవి. గోదావరి ఏటేటా ఒండ్రు తెచ్చి పోస్తూ సముద్రాన్ని వెనక్కి నెట్టింది. అల తెచ్చిన ఇసుక ఒడ్డు పొడుగునా దిబ్బగా నిలిచింది. దాని ముందు ఇంకో దిబ్బ, దాని ముందు మరొకటి. దిబ్బకీ దిబ్బకీ మధ్య పల్లంలో బంకమట్టి చేరింది. నది కూడా ఒక్కచోట ఉండలేదు. దారి మార్చుకున్న ప్రతిసారీ పాత దారి ఇసుకతో పూడిపోయింది. అందుకే మన కింద నేల ఆత్రేయపురం పూతరేకు మడతల్లాగా ఉంటుంది. ఒక మడత ఇసుక, ఒక మడత బంక. కాకపోతే పూతరేకు మడతలు సమంగా ఉంటాయి, ఇవి ఉండవు. ఒక ఇంటి కింద ఇరవై అడుగుల ఇసుక ఉంటే పక్క వీధిలో ఐదు అడుగులకే బంక తగులుతుంది.

ఇసుక మడతలో నీళ్ళు నిలుస్తాయి, కదులుతాయి. బంక నీళ్ళని పట్టుకుంటుంది గానీ వదలదు. నీళ్ళు ఇచ్చే ఆ ఇసుక మడతనే ఇంజినీర్లు అక్విఫర్ అంటారు. భూమిలో చెరువో, నదో ఉంటుందని అనుకోకండి. ఇసుక రేణువుల సందుల్లో ఉన్న నీళ్ళే. ఇంకో సంగతి. సముద్రం వెనక్కి వెళ్ళింది గానీ దాని నీళ్ళు కొన్ని కింది మడతల్లో ఇరుక్కుని ఉండిపోయాయి. అంటే మనకి ఉప్పు ఒక్క బీచ్ వైపు నుంచే రాదు, మన కాళ్ళ కిందే ఉంది. దాని మీద వాననీళ్ళు, ఏటినీళ్ళు పలచగా తేలుతున్నాయి.

ఎందుకు తేలుతున్నాయి అంటే ఉప్పునీళ్ళు బరువు, మంచినీళ్ళు తేలిక. ఈ లెక్కని 1880ల చివర బాడన్ గైబెన్ అనే డచ్ ఇంజినీరు, 1901లో హెర్జ్‌బర్గ్ అనే జర్మన్ విడివిడిగా కట్టారు. సముద్ర మట్టానికి పైన మంచినీటి మట్టం ఒక అడుగు ఉంటే, దాని కింద సుమారు 40 అడుగుల మంచినీరు నిలుస్తుంది. వినడానికి బాగుంది కదా? ఇప్పుడు తిరగేసి చూడండి. పైన ఒక అడుగు తోడేస్తే కింద ఉప్పు కాలక్రమంలో 40 అడుగులు పైకి రావచ్చు. సరిగ్గా మోటారు కిందే ఉప్పు కుప్పలాగా పైకి లేస్తుంది. మన నేల సముద్రం మీద లేచి ఉన్నదే కొద్ది అడుగులు. అంటే మన ఖాతాలో బ్యాలెన్స్ ఎంతో ఆలోచించండి.

మన తాతలకి ఈ లెక్క తెలీదు. కానీ సంగతి తెలుసు. వాళ్ళ పటం మాటల్లో ఉండేది. దిబ్బ అన్నారంటే అక్కడ నుయ్యి తవ్వొచ్చు. మెరక అంటే ఇల్లు కట్టొచ్చు. లంక అంటే ఏటి ఒండ్రు, నీళ్ళు తియ్యన. పర్ర అంటే ఉప్పు, అక్కడ నూతి జోలికి పోవద్దు. మా ఇంటి పాత నుయ్యి లోతు పన్నెండు అడుగులే. వెడల్పు మాత్రం బాగా ఉంటుంది. చిన్నప్పుడు ఎందుకు ఇంకా తవ్వలేదని అడిగితే తాత "తవ్వితే చెడుద్దిరా" అన్నాడు. అంతే, ఇంకేం చెప్పలేదు. బిందెతో చేదితే పైన ఉన్న తియ్యనీరే వస్తుంది, కింద ఉప్పు కదలదు. ఇప్పుడు ఇంజినీర్లు చెప్పేది కూడా సరిగ్గా ఇదే.

తర్వాత కాటన్ దొర కాలం. 1832-33 కరువు, 1839 కోరంగి తుఫాను మన జిల్లాని పిప్పి చేశాయి. అప్పటి రాజమండ్రి జిల్లాలో 1821లో సుమారు 7 లక్షల 38 వేల మంది ఉంటే 1841 నాటికి 5 లక్షల 61 వేలకి పడిపోయారు. పక్కన గోదావరి పోతుంటే జనం చచ్చారు, ఊళ్ళు వదిలి వెళ్ళారు. 1847లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పని మొదలై 1852కి పూర్తయింది. కూలీలను కూడగట్టి పని నడిపించిన వీణెం వీరన్న గారిని మేము మా వృత్తికి పెద్దాయనగా తలుచుకుంటాం. వైనతేయ మీద గన్నవరం దగ్గర 49 కమానులతో అక్విడక్టు కట్టి, ఏటి మీదుగా కాలవని దాటించి మా లంక ప్రాంతానికి నీళ్ళు తెచ్చారు. సిమెంటు మిక్సరు, క్రేను లేని రోజుల్లో! 2000లో దాని పక్కన కట్టిన కొత్త అక్విడక్టుకి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు.

కాటన్ దొర పొలానికి నీళ్ళిచ్చాడని అందరికీ తెలుసు. కానీ ఆ కాలవ నూతికి కూడా నీళ్ళిచ్చింది అండి. కాలవ ఒడ్డు ఊరుతుంది. వరి మడిలో నెలల తరబడి నిలిచిన నీళ్ళు కొంచెం కొంచెం కిందికి దిగుతాయి. పైన ఉన్న మంచినీటి మడత మందం అవుతుంది. సాక్ష్యం కావాలంటే మన ఇంట్లోనే ఉంది. వేసవిలో కాలవ కట్టేస్తే నూతిలో నీళ్ళు దిగిపోతాయి. జూన్‌లో కాలవ వదిలిన కొన్నాళ్ళకే చేద తాడు పొట్టిదవుతుంది. అంటే మనం తాగిన నూతినీళ్ళలో సగం కథ ఆ కాలవదే. దాన్ని మనం పొలం లెక్కలోనే రాసుకున్నాం, నూతి లెక్కలో ఎప్పుడూ రాయలేదు.

మా చిన్నప్పుడు బోరింగులు వచ్చాయి, తర్వాత ఫిల్టర్ పాయింట్లు వచ్చాయి. నలుగురు మనుషులు పొద్దున్న మొదలుపెడితే మధ్యాహ్నానికి పైపు దిగేది. అప్పటికి అది వరమే. కాలవ కట్టేసిన రోజుల్లో కూరపాదులు బతికాయి, కొబ్బరి బతికింది. ఆయిలింజను పోయి కరెంటు మోటారు వచ్చింది. చేదకి అలసట ఉంటుంది, మోటారుకి ఉండదు. తేడా అక్కడే మొదలైంది.

1990ల్లో రొయ్యల చెరువులు వచ్చాయి. తెగులు వచ్చి కొందరు మునిగారు. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర తీరున రొయ్యల సాగు మీద గట్టి తీర్పు ఇచ్చింది. 2005లో తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది. 2009లో వనామీ రొయ్యకి అనుమతి వచ్చాక మళ్ళీ ఊపు అందుకుంది. వరిలో మిగలక 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. కాబట్టి చెరువు తవ్విన రైతుని మేము తిట్టం. కానీ నీటి లెక్క మాత్రం చెప్పాలి. వరి మడి కిందికి మంచినీళ్ళు దించుతుంది. ఉప్పునీటి చెరువు కిందికి ఉప్పు దించుతుంది. అదే భూమి, అదే ఇసుక.

ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. ఆ చెరువుల్లో, ఆ మోటార్లలో మన గల్ఫ్ డబ్బు ఉంది. మా రూములోనే ఇద్దరు భూమి లీజుకిచ్చారు. మిగతావాళ్ళం బోర్లకి పంపాం.

మా ఇంటి సంగతే చెప్తాం. 2011లో పాతిక అడుగుల ఫిల్టర్ నీళ్ళు కొంచెం చప్పబడ్డాయి. అమ్మ ఫోనులో "టీ విరిగిపోతోందిరా" అంది. మేము ఏమన్నాం? "తమ్ముడూ, ఇంకా లోతుకి దింపించు, డబ్బులు పంపుతున్నాం." ఇక్కడ అలవాటు అదే, సమస్య వస్తే డబ్బు పంపడం. లోతుకి పోతే మంచి నీళ్ళు పడతాయని మాకు గట్టి నమ్మకం. రాయలసీమ, తెలంగాణ వాళ్ళు వందల అడుగులు దింపుతారని విన్నాం కదా. అది రాతి నేల, మనది ఏటి మట్టి అన్న తేడా తెలీదు. బోరు వేసినాయన 120 అడుగులు దించాడు. నీళ్ళు జోరుగా వచ్చాయి. తమ్ముడు వీడియో కాల్ చేసి చూపించాడు, రూములో అందరం చప్పట్లు కొట్టాం. అమ్మ దోసిట్లో పట్టి నోట్లో పోసుకుని ఉమ్మేసింది. "అంతర్వేది సముద్రాన్ని తెచ్చి పెరట్లో పెట్టార్రా" అంది.

సరే, డబ్బు పోయింది అనుకుని ఆ బోరుకి మూత పెట్టి వదిలేశాం. రెండేళ్ళు తిరక్కుండా తాత తవ్వించిన పన్నెండు అడుగుల నుయ్యి కూడా ఉప్పయింది. చెరువుల వల్లే అనుకున్నాం. కొంత అదీ నిజమే. మిగతా సంగతి 2016లో ఇక్కడ సైటులో తెలిసింది.

ఆ రోజు సాయిల్ టెస్టు బోర్లు అయిపోయాక, కేరళ ఇంజినీరు సారు ఒక్కో కన్నంలోకి సన్నటి పైపు అడుగుదాకా దించి, సిమెంటు, బెంటొనైట్ కలిపిన జావ కింది నుంచి పైదాకా పోయించారు. పని అయిపోయిన కన్నానికి ఇంత ఖర్చు దేనికి సార్ అని అడిగాం. ఆయన అన్నారు: "బంకమట్టి పొర అంటే రెండు అంతస్తుల మధ్య స్లాబు లాంటిది. నువ్వు స్లాబుకి కన్నం పెట్టావు. కింద నీళ్ళు ఒత్తిడి మీద ఉంటే ఆ కన్నంలోంచి పైకి వస్తాయి." మేము ఇంకేం మాట్లాడలేదు. ఆ రాత్రి అన్నం సహించలేదు. మా బోరు పైపు చుట్టూ ఉన్న ఖాళీని ఎవరూ పూడ్చలేదు. కింది ఉప్పుకి మెట్లు కట్టింది మేమే. తాత నూతిని మా జీతంతో ఉప్పు చేసుకున్నాం.

పటం అసలు లేదా అంటే, ఉందండి. దేశంలో బోర్లు వేసి భూమి లోపల నీళ్ళు వెతికే పనికి 1954లోనే ఒక ప్రభుత్వ సంస్థ పుట్టింది. 1970లో అదే కేంద్ర భూగర్భ జల బోర్డు అయింది. 2012లో దేశమంతా నీటి పొరల పటాలు గీసే కార్యక్రమం మొదలుపెట్టి, సుమారు 25 లక్షల చదరపు కిలోమీటర్లు 2023 నాటికి పూర్తి చేశారు. పని ఎలా చేస్తారంటే, నేల మీద వరసగా ఇనప మేకులు దిగ్గొట్టి కరెంటు పంపుతారు. ఉప్పునీళ్ళలో కరెంటు సులువుగా పోతుంది, మంచినీళ్ళున్న ఇసుకలో అంత సులువుగా పోదు. మేకుల మధ్య దూరం పెంచుకుంటూ పోతే లోతు సంగతి తెలుస్తుంది. తడి బంకమట్టి కూడా ఉప్పులాగే కనబడి మోసం చేస్తుంది, అందుకని అక్కడక్కడ బోరు వేసి మట్టి తీసి సరిచూస్తారు. తర్వాత పీజోమీటర్లు అని సన్నటి గొట్టపు బావులు పెట్టి మట్టం ఎక్కుతోందా దిగుతోందా రాసుకుంటారు.

చట్టం కూడా ఉంది. 2002లో మన రాష్ట్రంలో నీరు, భూమి, చెట్టు చట్టం వచ్చింది, వాల్టా అంటారు. బోరుకి అనుమతి, బోరుకీ బోరుకీ మధ్య దూరం, అన్నీ అందులో ఉన్నాయి. పటం ఆఫీసులో ఉంది, చట్టం పుస్తకంలో ఉంది, బోరు మిషను మన వీధిలో ఉంది. ఈ మూడూ ఒకచోట కలవలేదు. మన జిల్లాలోనే చమురు, గ్యాసు కోసం కిలోమీటర్ల లోతుకి కొలిచి గీసుకున్నారు. ముప్పై అడుగుల లోతున్న మన తాగునీటి గురించి మాత్రం మన వీధిలో ఎవరికీ తెలీదు.

కువైట్ వాళ్ళ కథ కూడా ఒకటి చెప్పాలి, ఎందుకంటే మనలాంటిదే. చమురు రాకముందు వీళ్ళు మంచినీళ్ళు షత్ అల్ అరబ్ నదినుంచి పడవల్లో తెచ్చుకునేవాళ్ళు. 1960 ప్రాంతంలో ఉత్తరాన రౌదతైన్ దగ్గర ఎడారి ఇసుక కింద, ఉప్పునీటి మీద తేలుతున్న మంచినీటి మడత దొరికింది. ఎప్పుడో పడే వాన పల్లంలో చేరి, ఇంకి, వేల ఏళ్ళుగా పోగైనది. ఇక్కడ బకాలాలో ఆ పేరుతో నీళ్ళ బాటిల్ మీరు కొనే ఉంటారు. 1991 యుద్ధంలో చమురు బావులు తగలబెట్టినప్పుడు కారిన చమురు, మంటలార్పడానికి పోసిన సముద్రపు నీళ్ళు ఇంకి ఆ మడతలో కొంత భాగం పాడైంది. పోగవడానికి వేల ఏళ్ళు పట్టింది, పాడవడానికి కొన్ని నెలలు చాలాయి. వీళ్ళకి చమురు డబ్బుంది, సముద్రాన్ని మరగబెట్టి తాగుతున్నారు. మనకేముంది?

మరి ఏం చేయాలి? మేము సర్కారుకి చెప్పేవాళ్ళం కాదు. మన చేతిలో ఉన్నవి చెప్తాం.

లోతుకి పోకండి. డెల్టాలో లోతు అంటే చాలాచోట్ల ఉప్పే. వాడని బోరుకి మూత పెట్టి వదిలేయకండి, అడుగునుంచి సిమెంటు జావ పోయించండి. ఒక్క పెద్ద మోటారు గంటల తరబడి లాగే కన్నా, తక్కువ లోతులో, తక్కువ జోరుతో, ఆపి ఆపి తోడండి. బాపట్ల వైపు ఇసుక నేలల్లో రైతులు వెనకటినుంచి దొరువులు తవ్వి పైనీళ్ళు తోడుకునేవాళ్ళు. బాపట్లలో శాస్త్రవేత్తలు దాన్నే బాగుచేశారు. ఇసుకలో తక్కువ లోతున కన్నాల పైపులు అడ్డంగా పరిచి, మధ్యలో ఒక వరల నూతిలోకి కలిపారు. పాల మీద మీగడ తీసినట్టు తియ్యనీరు ఒక్కటే వస్తుంది. మన దిబ్బల మీద కూడా ఆలోచించదగ్గ పని. ఊరి చెరువు పూడ్చి సైట్లు వేయొద్దు, మన నూతులకి నీళ్ళు దించేది అది కూడా.

అన్నిటికన్నా ముందు, కొలవండి. తాగే నీళ్ళలో కరిగిన లవణాలు లీటరుకి 500 మిల్లీగ్రాములు దాటకపోతే మంచిది, వేరే దారి లేకపోతే 2000 దాకా ఒప్పుకుంటారు. సముద్రంలో సుమారు 35,000 ఉంటాయి. అంటే వంద బిందెల మంచినీళ్ళలో రెండు బిందెల సముద్రం కలిస్తే చాలు, 500 దాటిపోతుంది.

పోయిన సంక్రాంతికి సెలవుకి వెళ్ళినప్పుడు జేబులో పట్టే టీడీఎస్ మీటరు ఒకటి పట్టుకెళ్ళాం. మా వీధిలో పదకొండు నూతులు, ఫిల్టర్లు కొలిచాం. పాత క్యాలెండరు వెనక వీధి గీసి, ఒక్కో ఇంటి దగ్గర అంకె వేశాం. గీసింది చూస్తే వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. దిబ్బ మీద ఉన్న నాలుగు ఇళ్ళకి ఇంకా తియ్యనీరే. చెరువుల వైపు పోయేకొద్దీ అంకె పెరిగింది. అన్నిటికన్నా పెద్ద అంకె చెరువు పక్కన లేదు. మా పెరట్లో, ఆ 120 అడుగుల బోరు పక్క నూతిలో ఉంది.

రెండో రోజే మేమే జావ కలిపి, పైపు దించి, ఆ బోరు పూడ్చేశాం. ఊళ్ళో వాళ్ళు కువైట్ పని ఇక్కడ చేస్తున్నారేంటని నవ్వారు. నుయ్యి బాగుపడుతుందో లేదో, ఎన్ని వర్షాకాలాలు పడుతుందో చెప్పలేం. మీటరు అమ్మకి ఇచ్చి వచ్చాం. ఆవిడకి దాని మీద నమ్మకం లేదు. తాగడానికి టిన్ను నీళ్ళే కొంటోంది గానీ, ప్రతి నెలా ఒకటో తారీకున నూతినీళ్ళు ఒక చుక్క నాలిక మీద వేసుకుని ఫోను చేస్తుంది. మొన్న కూడా చేసింది. "ఇంకా ఉప్పేరా. కానీ పోయిన నెలంత లేదేమో అనిపిస్తోంది" అంది. మీటరు అంకె అడిగాం. పోయిన నెల కన్నా కొంచెం తక్కువే ఉంది. ఒక్క నెల చూసి సంబరపడకూడదని మాకు తెలుసు. అయినా రూములో గోడమీద ఆ క్యాలెండరు పక్కన రాసి పెట్టుకున్నాం.

మీ ఊరి నుయ్యి ఎంత లోతు, ఎప్పటిదాకా తియ్యగా ఉండేది, ఎప్పటినుంచి చెడింది, ఇంట్లో పెద్దవాళ్ళని అడిగి కింద రాయండి. దిబ్బ, లంక, పర్ర పేర్లు ఏమున్నాయో కూడా రాయండి. అన్నీ ఒకచోట చేర్చుదాం. ఈసారి డబ్బులు పంపే ముందు చూసుకోవడానికి మనకీ ఒక కాగితం ఉంటుంది.